అయిదు మొక్కలు తెచ్చిన ఇంజనీరు : ఫ్రెజియే జీవితము

మన అనంతపురం ప్రాంతములో చీనీ తోట ఉన్న ఏ రైతునైనను మే నెలలో పలుకరించి చూడండి. బోరు అడుగంటిన పిమ్మట ట్యాంకరు నీళ్లు కొని, ఒక్కొక్క పాదుకు కొలిచి పోసిన కథ ఆయన వద్ద తప్పక ఉంటుంది. ఏ చెట్టుకు పోయవలెనో, ఏ చెట్టును వదలివేయవలెనో ఎంచుకొనవలసిన దినములు కూడ ఉంటవి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన ఎరుగని ఈ పీఠభూమిలో పుట్టి పెరిగినవారికి ఆ బాధ వివరింప నక్కరలేదు. అందుచేతనే, మన వాతావరణమునకు ఎంతో దూరమైన స్ట్రాబెర్రీ పండు చరిత్రలో ఒక ఘట్టము మనకు సన్నిహితముగా తోచును. మూడు వందల యేండ్ల క్రిందట, ఓడలో త్రాగునీరు కొలిచి పంచుచున్న దినములలో, ఒక మనిషి అయిదు మొక్కలను ఆరు నెలలపాటు బ్రతికించి తెచ్చినాడు. నేడు ప్రపంచమున తోటలలో పండుచున్న పెద్ద స్ట్రాబెర్రీ ఆ మొక్కల సంతతియే.

అతని పేరు అమెదే ఫ్రాన్స్వా ఫ్రెజియే. ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీ పండును ఫ్రేజ్ అందురు, మొక్కను ఫ్రేజియే అందురు. కథ కల్పించిన వారెవరైనను ఇంతటి పొంతన కల్పించుటకు జంకుదురు గాని, ఇది నిజము. పూర్వికులలో ఒకడు రాజునకు స్ట్రాబెర్రీలు కానుక పెట్టి ఆ పేరు సంపాదించినాడని ఆ వంశములో ఒక ఐతిహ్యము ఉండెడిది. వంశముల ఐతిహ్యములు ఎక్కడనైనను అంతే. వాటిని విని ఆనందింపవచ్చును, ప్రమాణముగా గ్రహింపరాదు.

ఫ్రెజియే 1682లో సవాయ్ ప్రాంతపు షాంబెరీ పట్టణములో జన్మించినాడు. తండ్రి న్యాయశాస్త్ర కోవిదుడు. కుమారుడును అదే దారిలో నడవవలెనని కోరినాడు. కాని పారిస్‌లో చదువుకొనుచున్న యువకుని మనస్సు గణితము మీదకు, ఖగోళము మీదకు మరలినది. న్యాయశాస్త్రము వెనుకబడినది. ఇటలీ దేశము తిరిగి అక్కడి కట్టడములను పరిశీలించినాడు. పిమ్మట సైన్యములో చేరి, తీరిక వేళలలో బాణసంచా తయారీ మీద ఒక గ్రంథము వ్రాసినాడు. అది 1706లో అచ్చయినది. ఉత్సవములలో కాల్చు బాణసంచాపై అంత శాస్త్రీయముగా వ్రాసిన పుస్తకములు అప్పటికి తక్కువ. ఆ మరుసటి యేడు అతనిని సైనిక ఇంజనీర్ల దళములోనికి తీసికొని, సేంట్ మాలో రేవులో కోటల పనికి నియమించినారు.

ఆ రోజులలో యూరప్ అంతయు స్పెయిను సింహాసనము కొరకు జరుగుచున్న యుద్ధములో మునిగి ఉన్నది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ మనుమడే స్పెయిను రాజు. పైకి రెండు దేశములును మిత్రులే. అయినను దక్షిణ అమెరికాలోని తన వలసలను స్పెయిను పరుల కంట పడనీయదు. చిలీ, పెరూ తీరములలో కోటలెన్ని, ఫిరంగులెన్ని, రేవుల లోతెంత అన్న సంగతులు లూయీకి కావలసివచ్చినవి. వర్తకుని వేషములో ఒక ఇంజనీరును పంపవలెనని నిర్ణయించి, ముప్పది యేండ్లయినను నిండని ఫ్రెజియేను ఎన్నుకొన్నారు. మృదువుగా చెప్పవలెనన్నను అతడు గూఢచారియే. ఈ మాటను జీవిత చరిత్రలో దాచుట న్యాయము కాదు.

1712 జనవరిలో సేంట్ మాలో నుండి ఓడ కదలినది. అమెరికా ఖండపు దక్షిణాగ్రమున హార్న్ అగ్రమును చుట్టి, సుమారు అయిదు నెలలకు చిలీలోని కన్సెప్సియన్ రేవు చేరినది. అప్పటి నుండి రెండేండ్లకు దగ్గరగా ఫ్రెజియే ఆ తీరమంతయు తిరిగినాడు. పగలు సరకుల బేరము, స్పానిష్ అధికారులతో విందులు, సంభాషణలు. రాత్రి పటములు, కొలతలు. కోట గోడల మందము మొదలు గనులలో వెండి తీయు విధానము వరకు, స్త్రీల దుస్తుల నుండి సముద్రతీరపు మొక్కల వరకు అతని కంటికి కనిపించినదెల్ల కాగితముపై చేరినది. అతడు వృక్షశాస్త్రవేత్త కాడు. కాని ఇంజనీరు చూపు ఉన్నది. దేనినైనను కొలిచి చూచుట అతని అలవాటు.

కన్సెప్సియన్ ప్రాంతములో అతనికి ఒక వింత కనిపించినది. యూరప్‌లో స్ట్రాబెర్రీ అనగా అడవిలో ఏరుకొను చిన్న పండు. తోటలలో పెంచినను చిటికెన వ్రేలి కొనను మించదు. ఇక్కడ పొలములకు పొలములే స్ట్రాబెర్రీలు నాటి ఉన్నవి. పండు అక్రోటు కాయంత, ఒక్కొక్కటి కోడిగ్రుడ్డంత. రంగు పాలిపోయిన ఎరుపు. ఆకులు గుండ్రముగా, దళసరిగా, నూగుతో ఉన్నవి. రుచి మాత్రము తమ దేశపు అడవి పండంత సున్నితము కాదని అతడు నిర్మొగమాటముగా వ్రాసికొన్నాడు. స్పానిష్ వారు దీనిని ఫ్రుతియ్యా, అనగా చిన్న పండు, అని పిలుచుచుండిరి. ఉన్నవాటిలో పెద్దదానికి ఆ పేరు ఎట్లు వచ్చినదో గాని, నేటికిని చిలీలో అదే పేరు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ పెద్ద పండు ప్రకృతి ఒక్కతే ఇచ్చినది కాదు. స్పానిష్ వారు ఆ తీరమున కాలు మోపుటకు ఎంతో పూర్వమే మపూచే మొదలైన స్థానిక ప్రజలు సముద్రతీరపు అడవి మొక్కను తెచ్చి, పెద్ద పండు కాచినదానిని ఎంచి, దాని పిలకలను మరల నాటి, తరతరములుగా పెంచుకొన్నారు. ఎన్నుకొనుటయే మొక్కల అభివృద్ధిలో మొదటి మెట్టు. ఆ రైతుల పేర్లు ఏ గ్రంథములోను లేవు. స్ట్రాబెర్రీ చరిత్ర వ్రాసినవారు తరచుగా ఫ్రెజియేతోనే ఆరంభింతురు. అసలు ఆరంభము ఆ పొలములలోనే ఉన్నది.

1714 ఫిబ్రవరిలో ఫ్రెజియే తిరుగు ప్రయాణమైనాడు. వెంట పటములు, వ్రాతప్రతులు, వాటితో పాటు కొన్ని స్ట్రాబెర్రీ మొక్కలు. మరల హార్న్ అగ్రపు చలిగాలులు, తరువాత భూమధ్యరేఖ వద్ద కాల్చు ఎండలు. ఓడ ప్రయాణములో అన్నిటికన్న విలువైనది మంచినీరు. పీపాలలో నిలువయుండి వాసన పట్టిన ఆ నీటినే నావికులకు కొలిచి ఇచ్చుచుందురు. సరకుల పెత్తనము చూచు రూ ద వల్‌బాన్ అనువాడే ఆ నీటికిని యజమాని. మనుష్యులకే చాలని నీటిని మొక్కలకు పోయుటకు అతడు అంగీకరించినాడు. ఆ దయ లేనిచో ఈ కథ అట్లాంటిక్ నడుమనే ముగిసి ఉండెడిది.

ఆగస్టు 17న ఓడ మార్సేల్స్ చేరునప్పటికి బ్రతికినవి అయిదు మొక్కలు. వాటిలో రెండింటిని ఫ్రెజియే నీరిచ్చిన వల్‌బాన్‌కు ఇచ్చివేసినాడు. ఒకటి పారిస్ రాజోద్యానములోని ఆచార్యుడు ఆంత్వాన్ ద జుస్యూకు, ఒకటి కోటల శాఖలో తన పై అధికారికి, ఒకటి తనకు. అయిదింటిలో రెండు నీటి వెల! ట్యాంకరు వానికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన మన రైతునకు ఈ లెక్క వెంటనే అర్థమగును.

ఆ ఓడలో మరియొక చిత్రమును గమనింపవచ్చును. ఆ కాలపు దూర ప్రయాణములలో నావికులను తుపానులకన్న ఎక్కువగా చంపినది స్కర్వీ వ్యాధి. నెలల తరబడి ఎండిన రొట్టె, ఉప్పు మాంసము తప్ప పచ్చని పదార్థము లేక, చిగుళ్లు వాచి, మానిన గాయములు మరల రేగి చనిపోవుచుండిరి. దానికి కారణము సి విటమిన్ లోపమని ఇరువదవ శతాబ్దము వరకు ఎవరును ఎరుగరు. నూరు గ్రాముల స్ట్రాబెర్రీలలో సుమారు 59 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉన్నది. ఒక పెద్ద మనిషికి ఒక దినమునకు కావలసినదానిలో చాల భాగము దానితో తీరును. ఏ కొరత నావికులను హరించుచుండెనో దానిని తీర్చగల జాతి మొక్కలకే వారి త్రాగునీరు పోయుచుండిరి. అది ఎవరికిని తెలియదు.

రాజు సంతోషించి ఫ్రెజియేకు బహుమానమిచ్చినాడు. యాత్రా గ్రంథము 1716లో పటములతో వెలువడినది. మరుసటి యేడే ఇంగ్లీషులోనికి వచ్చినది. ఆ అనువాదమునకు తోకచుక్కతో పేరు చిరస్థాయియైన ఎడ్మండ్ హేలీ అనుబంధము వ్రాసినాడు. అదే తీరమును అంతకు ముందు కొలిచిన ఫాదర్ ఫయే అను సన్యాసి మాత్రము ఫ్రెజియే పటములలో తప్పులెన్ని తీవ్రముగా విమర్శించినాడు. ఫ్రెజియే అంతే తీవ్రముగా బదులిచ్చినాడు. ఇద్దరును ఘనులే, కాని ఆ వివాదములో ఇద్దరికిని పెద్ద గౌరవము దక్కినట్లు తోచదు.

తరువాతి జీవితమును త్వరగా చెప్పుకొనవచ్చును. 1719లో కరీబియన్ సముద్రములోని సేంట్ డొమింగో దీవికి ప్రధాన ఇంజనీరుగా వెళ్లి కొన్ని యేండ్లు పని చేసినాడు. తిరిగి వచ్చి జర్మనీ సరిహద్దు కోటలలో ఉద్యోగము చేసినాడు. రాళ్లను, కలపను రేఖాగణిత సూత్రముల ప్రకారము చెక్కు విధానము మీద 1737 – 39 నడుమ మూడు సంపుటముల గ్రంథము ప్రకటించినాడు. ఇంజనీర్లలో అతని కీర్తికి చిరకాలము ఆధారమైనది ఆ గ్రంథమే, స్ట్రాబెర్రీ కాదు. పిమ్మట బ్రిటనీ ప్రాంతపు కోటలన్నిటికిని అధికారియై బ్రెస్ట్ రేవు పట్టణములో స్థిరపడినాడు.

ఈలోగా ఆ మొక్కల గతి ఏమి? పారిస్ ఉద్యానములో చిలీ మొక్క చక్కగా నాటుకొన్నది. నేలబారు తీగలు సాచి పిలకలు పెట్టినది. ఆ పిలకలు హాలండ్, ఇంగ్లాండు తోటలకు చేరినవి. పూవులు పూసినవి. పండు మాత్రము లేదు. కోడిగ్రుడ్డంత పండును ఆశించిన వృక్షశాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి ఆకులను చూచి నిట్టూర్చినారు. కారణము ఫ్రెజియే ఎన్నికలోనే ఉన్నది. చిలీ స్ట్రాబెర్రీలో స్త్రీ పుష్పములు మాత్రమే పూయు మొక్కలు వేరుగా ఉండును. అతడు పెద్ద పండ్లు కాచిన మొక్కలను చూచి ఏరుకొన్నాడు. అవన్నియు స్త్రీ జాతి మొక్కలే. పుప్పొడి నిచ్చు మొక్కను వెంట తేవలెనన్న ఊహ అతనికే కాదు, ఆనాటి పండితులలో కూడ అనేకులకు లేదు.

స్ట్రాబెర్రీ నిర్మాణము తెలిసినచో ఈ లోపము ఎంతటిదో బోధపడును. మనము పండు అని తినునది అండాశయము కాదు, ఉబ్బిన పుష్పాసనము. పైన అద్దినట్లున్న గింజల వంటివే అసలు ఫలములు. పుప్పొడి సోకి ఒక్కొక్క గింజ కట్టినప్పుడు, అది విడుదల చేయు హార్మోను వలన దాని క్రింది కండ ఉబ్బును. గింజ కట్టని చోట కండ ఉబ్బదు. వంకరగా, గుంటలుపడి ఉన్న స్ట్రాబెర్రీ ఎప్పుడైనను కనిపించినచో, ఆ వైపు పుప్పొడి అందలేదని గ్రహింపవచ్చును. పుప్పొడి బొత్తిగా లేనిచో పండే లేదు.

పండితులు విసిగిన చోట రైతులు దారి కనుగొన్నారు. బ్రెస్ట్ పట్టణమునకు ఎదురుగా సముద్రపు పాయ ఆవల ప్లుగస్తెల్ ప్రాంతము ఉన్నది. చిలీ తీరము వలెనే అక్కడి గాలి తేమగా, చలి మందముగా ఉండును. అక్కడివారు చిలీ మొక్కల వరుసల నడుమ ఇతర స్ట్రాబెర్రీలను నాటిరి. వాటిలో ఉత్తర అమెరికా నుండి వంద యేండ్లకు పూర్వమే యూరప్ చేరిన వర్జీనియా స్ట్రాబెర్రీ ఒకటి. పండు చిన్నది, కాని ఎరుపు ముదురు, సువాసన మెండు. ఆ పుప్పొడి సోకగానే చిలీ మొక్క కాచినది, పెద్ద పండ్లు కాచినది. ఎందుకు కాచినదో వారికి తెలియకపోవచ్చును. ఎట్లు కాయించవలెనో తెలిసినది. ఫ్రెజియే వార్ధక్యములో తాను తెచ్చిన మొక్క తన పట్టణపు అంగడిలో పండ్లై అమ్ముడగుట చూచినాడు.

ఈ రహస్యమును విప్పినవాడు మన కళాశాల విద్యార్థుల యీడువాడే. ఆంత్వాన్ నికొలా దుషేన్, వర్సేల్స్ రాజభవనముల అధికారి కుమారుడు. 1764 జులైలో, పదిహేడేండ్లు నిండకమునుపే, చిలీ మొక్కకు మరియొక జాతి పుప్పొడి చేర్చి కాయించిన పండ్ల కుండీని పదునైదవ లూయీకి సమర్పించినాడు. రాజు మెచ్చి, యూరప్‌లో ఉన్న స్ట్రాబెర్రీ జాతులన్నిటిని సేకరించి రాజోద్యానములో పెంచుటకు అనుమతించినాడు. రెండేండ్లకు దుషేన్ స్ట్రాబెర్రీల చరిత్రను గ్రంథముగా ప్రకటించినాడు. 1750 ప్రాంతమున తోటలలో ఎక్కడినుండి వచ్చినదో తెలియక కనిపించిన, అనాసపండు వాసన గల పెద్ద స్ట్రాబెర్రీ చిలీ, వర్జీనియా జాతుల సంకరమని అందులో నిర్ధారించినాడు. దక్షిణ అమెరికా మొక్కయు, ఉత్తర అమెరికా మొక్కయు తమ ఖండములో కాక యూరప్ తోటలో కలిసికొన్నవి. మెండెల్ పుట్టుటకు అర్ధ శతాబ్దము పైగా ముందు ఇంతటి ఊహ చేయుట సామాన్యము కాదు.

తరువాతి శాస్త్రము అతని మాటను బలపరచినది. యూరప్ అడవి స్ట్రాబెర్రీలో క్రోమోజోములు 14. చిలీ, వర్జీనియా జాతులు రెండింటిలోను 56. సంఖ్య సమముగా ఉండుట వలననే వాటి సంకరము గొడ్డు పోక, విత్తనము కట్టి, ఆ విత్తనము నుండి క్రొత్త రకములు పుట్టుటకు వీలైనది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో ఇంగ్లాండులో మైకేల్ కీన్స్ అను తోటమాలి ఆ మార్గముననే పేరుపొందిన రకములు సాధించినాడు. నేడు మన దేశములో మహాబలేశ్వరము కొండలపై పండించు చాండ్లర్, స్వీట్ చార్లీ వంటి అమెరికా రకములు కూడ ఆ వంశమువే. ఆంధ్రదేశములో విశాఖ మన్యపు లంబసింగి చలిలో ఇటీవలి యేండ్లలో రైతులు దీనిని వేయుచున్నారు. ఎత్తయిన మళ్లు, డ్రిప్పు గొట్టములు, నేలపై నల్లని ప్లాస్టిక్ పరపు. అక్టోబరు ప్రాంతములో నాటినచో చలికాలములో కోతకు వచ్చును. రాత్రులు చల్లబడి పగలు కురచ అయినప్పుడే దానికి పూమొగ్గ కట్టును.

నలువది డిగ్రీలు దాటు మన వేసవి దానికి గిట్టదు. బాబరు హిందూస్థానములో తన దేశపు ఖర్బూజాలు లేవని వగచి ఆగ్రా తోటలో నాటించినట్లు మనమును ఒక కుండీలో నాటి చూడవచ్చును గాని, తోటగా వేయుట సాహసము. అందుకు చింతింప నక్కరలేదు. మన అంగడికి చలికాలములో ప్లాస్టిక్ డబ్బాలలో వచ్చు స్ట్రాబెర్రీలను ఒకసారి కొని తిన్నాను. ఎరుపు కన్నులకు ఇంపు, నాలుకకు పులుపు. దూర ప్రయాణమునకు తట్టుకొనుటకై పూర్తిగా పండకమునుపే కోయుదురు. కోసిన పిదప దానికి తీపి పెరగదు. అదే వెలకు వచ్చు జామపండ్లలో సి విటమిన్ స్ట్రాబెర్రీకన్న మూడు నాలుగు రెట్లు అధికము. ఉసిరిక సంగతి చెప్పనే అక్కరలేదు. ఉర్దూ మాటలాడు మిత్రుల ఇండ్లలో అమ్రూద్ ముక్కలపై ఉప్పు కారము చల్లి పెట్టునప్పుడు, ఎర్రని డబ్బాను చూచి చిన్నబుచ్చుకొన నవసరము లేదు.

అట్లని స్ట్రాబెర్రీని తక్కువ చేయరాదు. నూటికి తొంబది వంతులు నీరే అయిన ఆ పండులో చక్కెర కొద్ది, పీచు కలదు, రక్తవృద్ధికి కావలసిన ఫోలేట్ కొంత కలదు. నూరు గ్రాములు తిన్నను ముప్పది కెలోరీలే. నీటి కరవులో బ్రతికి వచ్చిన మొక్క పండులో అంత నీరు ఉండుట ఒక వింతయే.

దుషేన్ గ్రంథము వెలువడు నాటికి ఫ్రెజియే ఎనుబది నాలుగేండ్ల వృద్ధుడు. తాను తెచ్చినవి స్త్రీ మొక్కలు మాత్రమే అన్న సంగతి, అర్ధ శతాబ్దము తరువాత, ఒక బాలుని గ్రంథము మూలముగా లోకమునకు స్పష్టమైనది. 1773లో బ్రెస్ట్ పట్టణములో, తొంబది యొకటవ యేట అతడు మరణించినాడు. అతడు కొలిచిన కోటలలో అనేకము శిథిలమైనవి. అతని పటములు గ్రంథాలయములలో ఉన్నవి. ప్లుగస్తెల్‌లో స్ట్రాబెర్రీకి ప్రత్యేకముగా ఒక మ్యూజియము ఉన్నది. ఆ ఊరి పొలములలో స్ట్రాబెర్రీ నేటికిని పండుచున్నది.